సార్ చేస్తే అర్థమవుతుంది, నేను చేస్తే పెన్ను కదలదు

ప్రశ్న

ఖమ్మం జిల్లా పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది. అంతా అచ్చు వేయడానికి చోటు చాలదు కాబట్టి ముఖ్యమైన సంగతులు క్లుప్తంగా చెబుతాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివింది. పదో తరగతి లెక్కల్లో వందకు తొంభై ఏడు వచ్చాయి. ఊళ్లో అందరూ లెక్కల పిల్ల అనేవారట. నాన్నది మిర్చి సాగు. కాలేజీ ఫీజులో సగం పంట మీద తెచ్చిన అప్పు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గుర్తు చేయరు, కానీ తనకు ప్రతి టెస్టు ముందూ గుర్తొస్తుంది.

వెక్టర్లు, కైనమాటిక్స్ ఎలాగో నెట్టుకొచ్చింది. 'లాస్ ఆఫ్ మోషన్' (చలన నియమాలు) మొదలైన దగ్గర్నుంచి వారాంతపు టెస్టుల్లో ఫిజిక్స్ మార్కులు పడిపోయాయి. సెక్షన్ మార్చి కింది సెక్షన్‌లో వేశారు. "సార్ బోర్డు మీద చేస్తుంటే ప్రతి లైనూ అర్థమవుతుంది. అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే నేనూ చేస్తాను. కథ మార్చి ఇస్తే పెన్ను కదలదు" అని రాసింది. ఫార్ములాలన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించి రోజూ పొద్దున్నే చదువుతుంది. డౌట్ అడగడానికి వెళితే ఫిజిక్స్ సార్ "నీకు బేసిక్స్ లేవమ్మా" అన్నారు. బాబాయి మాత్రం బైపీసీకి మారిపొమ్మంటున్నాడు. కాలేజీ వాళ్లు మార్కులు ఇంటికి మెసేజ్ పెడతారు, నాన్న ఫోన్‌లో ఆ ఊసే ఎత్తడు. ఆయన చూడలేదనే అనుకుంటోంది.

తాను తప్పు చేసిన మూడు లెక్కలు, తన జవాబులతో సహా పంపింది. చివర్లో అడిగినవి: "నా బుర్రకు ఫిజిక్స్ పడదా? గ్రూపు మారాలా? నాన్నకు ఎలా చెప్పాలి?"

జవాబు

తల్లీ, ఫిజిక్స్ తర్వాత. ఉత్తరం మధ్యలో ఎక్కడో ఇరికించినట్టు రెండు వాక్యాలు రాశావు. కొన్ని రోజులుగా నిద్ర పట్టడం లేదని, మెస్‌లో అన్నం సయించడం లేదని. వాటిని చిన్న విషయాల్లా రాసినా నేను అలా తీసుకోను. హాస్టల్లో నీకు నమ్మకమున్న ఒక్కరికైనా, వార్డెన్ కావచ్చు, రూమ్మేట్ కావచ్చు, ఈ సంగతి చెప్పు. వాళ్లతో కుదరకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బులు పడవు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతుకు మీద విసుగు పుట్టేంత ఆలోచనలు వస్తుంటే మాత్రం ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగకు. ముందు ఆ ఫోన్ చెయ్యి, ఇంటికి కూడా చెయ్యి.

ఇక లెక్కలు. నీ జవాబులు దాచకుండా పంపడం చాలా మంచి పని. 'ఫిజిక్స్ రావడం లేదు' అని మాత్రమే రాసి ఉంటే నేను ధైర్యం చెప్పి ఊరుకోవాల్సి వచ్చేది. తప్పు జవాబు ఎదురుగా ఉంటే, నువ్వు ఎక్కడ దారి తప్పావో కనబడుతుంది.

మొదటిది లిఫ్ట్ లెక్క. 60 కిలోల మనిషి లిఫ్ట్‌లో తూకం మిషన్ మీద నిలబడ్డాడు. లిఫ్ట్ పైకి వెళ్తూ 2 మీ/సె² చొప్పున నెమ్మదిస్తోంది. మిషన్ అతన్ని ఎంత బలంతో పైకి నెడుతోంది? గురుత్వ త్వరణం జి విలువ 10 తీసుకోమన్నారు. నువ్వు 720 న్యూటన్లు అని రాసి, పక్కన "పైకి వెళ్తే ప్లస్" అని కూడా రాశావు. ఆ మూడు మాటలే నాకు కావలసినవి. నీ నోట్‌బుక్‌లో లిఫ్ట్ పైకి వెళ్తే ఒక ఫార్ములా, కిందికి వస్తే ఒక ఫార్ములా రాసుకున్నావని అర్థమైంది. లెక్కలో 'పైకి' కనబడింది, మొదటి ఫార్ములా తీశావు, 'నెమ్మదిస్తోంది' అన్న మాట మీదుగా దాటి వెళ్లిపోయావు.

ఇప్పుడు ఫార్ములాల పుస్తకం మూసేసి ఆ మనిషిని ఒక్కడినే చూడు. లిఫ్ట్‌ను, కేబుల్‌ను, మోటారును పక్కన పెట్టు. అతన్ని తాకుతున్నది ఏమిటి? కాళ్ల కింద మిషన్ ఒక్కటే. అది పైకి నెడుతుంది. తాకకుండా పని చేసేది భూమి, అది 600 న్యూటన్లతో కిందికి లాగుతుంది. అంతే, రెండే బలాలు. కేబుల్ లాగేది లిఫ్ట్‌ను, ఈ మనిషిని కాదు. కాబట్టి 'లిఫ్ట్ పైకి తీసుకెళ్లే బలం' అని మూడో బాణం గీయడానికి వీల్లేదు.

తర్వాత త్వరణం ఎటు అని అడుగు. లిఫ్ట్ ఎటు వెళ్తోంది అని కాదు, దాని వేగం ఎటువైపు మారుతోంది అని. పైకి పోయే వేగం తగ్గుతోందంటే త్వరణం కిందికి ఉన్నట్టు. అంటే కిందికి లాగే బలమే పెద్దది కావాలి. 600లో నుంచి మిషన్ నెట్టే బలం తీసేస్తే మిగిలేది 60 × 2, అంటే 120. మిషన్ నెట్టేది 480 న్యూటన్లు. కిలోల్లో చూపించే మిషన్ అయితే 48 చూపిస్తుంది. పై అంతస్తులో లిఫ్ట్ ఆగబోయేముందు కడుపులో తేలిపోయినట్టు అనిపిస్తుంది చూడు, అదే ఇది. (మీ కాలేజీలో పిల్లల్ని లిఫ్ట్ ఎక్కనిస్తారో లేదో నాకు తెలియదు. ఎక్కనివ్వకపోతే సెలవుల్లో జాతరలో జెయింట్ వీల్ ఎక్కు, పైకి చేరి తిరిగే చోట అదే అనుభవం.)

అదే లిఫ్ట్ కిందికి వస్తూ నెమ్మదిస్తుంటే? ఇక్కడ చదవడం ఆపి గీసి చూడు. త్వరణం పైకి ఉంటుంది, 720 వస్తుంది. ఒకే వేగంతో పోతుంటే పైకైనా కిందికైనా 600. ఇన్ని సందర్భాలకూ ఇన్ని ఫార్ములాలు అక్కర్లేదు, చేసినది ఒకటే పని.

ఇందులో నీ బుర్రను నిందించుకోవాల్సింది ఏమీ లేదు. కదిలే వస్తువు మీద, అది కదిలే వైపే బలం ఉండి తీరాలని మనసు అనుకుంటుంది. అరిస్టాటిల్ అలాగే అనుకున్నాడు. ఆ ఆలోచన సుమారు రెండు వేల ఏళ్లు చలామణీ అయింది. గెలీలియో దాన్ని కదిలించాక, 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియాలో నియమాలు రాసేదాకా పూర్తిగా వదల్లేదు. 1982లో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు అమెరికాలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక నాణెం లెక్క ఇచ్చాడు. పైకి ఎగరేసిన నాణెం ఇంకా పైకి పోతుండగా దాని మీద ఏ బలాలున్నాయో గీయమన్నాడు. గాలి ఆపడాన్ని వదిలేస్తే ఉన్నది ఒక్కటే, భూమి కిందికి లాగే బలం. కానీ ఎక్కువమంది పైకి కూడా ఒక బాణం గీశారు. మెకానిక్స్ కోర్సు పూర్తి చేసినవాళ్లను అడిగినా ఎక్కువమందిది అదే బాణం. నువ్వు రాసిన "పైకి వెళ్తే ప్లస్" ఆ బాణానికి చెల్లెలే.

రెండో లెక్కలో నువ్వు చేసిన తప్పు నాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే జవాబే నిన్ను పట్టించాల్సింది. 5 కిలోల పెట్టె నేల మీద కదలకుండా ఉంది. ఘర్షణ గుణకం 0.4. 12 న్యూటన్లతో అడ్డంగా తోశారు. ఘర్షణ ఎంత, త్వరణం ఎంత? నువ్వు 0.4 × 50 అని వేసి ఘర్షణ 20 అన్నావు. తర్వాత 12లో 20 తీసేసి, 5తో భాగించి, త్వరణం మైనస్ 1.6 అని రాసి తర్వాతి లెక్కకు వెళ్లిపోయావు. ఆ మైనస్‌కు అర్థం ఏమిటో చూశావా? నువ్వు పెట్టెను ముందుకు తోస్తే అది వెనక్కి తిరిగి నీ మీదికి వచ్చింది! అలాంటి పెట్టె ఉంటే మీ ఊళ్లో ధాన్యం బస్తాలు మోయడానికి కూలీలే అక్కర్లేదు, వెనక నుంచి ఓ వేలు పెడితే అవే నడిచి వస్తాయి.

0.4 × 50 అన్నది ఆ నేల ఇవ్వగలిగిన గరిష్ఠ ఘర్షణ. ఎప్పుడూ అంతే ఇస్తుందని కాదు. నువ్వు 12తో తోస్తే అది 12తో ఆపుతుంది, 5తో తోస్తే 5తో ఆపుతుంది, అసలు తోయకపోతే సున్నా. నువ్వు 20 దాటించినప్పుడే పెట్టె కదులుతుంది. కాబట్టి ఘర్షణ లెక్క కనబడగానే ముందు అడగాల్సింది, ఇది కదులుతుందా లేదా అని. గరిష్ఠం ఎంతో లెక్కేసి, తోసే బలంతో పోల్చు. కదలకపోతే ఘర్షణకు ఫార్ములా లేదు, అవసరమైనంతే ఇస్తుంది. ఇక్కడ ఘర్షణ 12 న్యూటన్లు, త్వరణం సున్నా.

ఒక మాట చెప్పాలి. టెస్ట్ పేపర్లు తయారు చేసేవాళ్లకు ఈ తప్పు బాగా తెలుసు. ఆప్షన్లలో 20 తప్పకుండా పెడతారు. నీ జవాబు ఆప్షన్లలో దొరికితే కరెక్టేనని సంతోషించే అలవాటు మానెయ్.

మూడోది కప్పీ లెక్క. దీని గురించి నువ్వు "ఈ మోడల్ నాకు వచ్చు, అయినా తప్పయింది" అని బాధగా రాశావు. 3 కిలోలు, 2 కిలోలు కప్పీకి అటూ ఇటూ వేలాడుతుంటే త్వరణం 2 మీ/సె² వస్తుందని నీకు వచ్చు. టెస్టులో మాత్రం 3 కిలోలది నున్నటి బల్ల మీద ఉంది, 2 కిలోలది తాడుకు వేలాడుతోంది. నువ్వు అదే ఫార్ములాలో వేసి 2 అన్నావు. కప్పీ ఉంది, తాడు ఉంది, 3, 2 ఉన్నాయి, ఇంకేం కావాలి!

బల్ల మీది దిమ్మను మాత్రమే చూడు. భూమి కిందికి 30 న్యూటన్లు లాగుతోంది, బల్ల పైకి అంతే నెడుతోంది, ఆ రెండూ సరిపోయాయి. అడ్డంగా దాన్ని లాగేది తాడు ఒక్కటే. ఇప్పుడు వేలాడే దిమ్మను చూడు. భూమి 20తో కిందికి, తాడు పైకి. రెండింటి త్వరణం ఒకటే, ఎందుకంటే తాడు సాగదు. మొత్తం 5 కిలోలను నడిపిస్తున్నది 20 న్యూటన్లు మాత్రమే కాబట్టి త్వరణం 4. తాడు లాగే బలం 3 × 4, అంటే 12. వేలాడే దిమ్మ బరువు 20 కదా, తాడు 12తోనే లాగుతోందేమిటి అని నీకు అనుమానం రావాలి. 20 ఉంటే ఆ దిమ్మ కిందికి జారేదే కాదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే కనబడింది. నువ్వు లెక్కలో బొమ్మను గుర్తుపడుతున్నావు, బలాలను కాదు. లిఫ్ట్ లెక్క, కప్పీ లెక్క, వాలు తలం లెక్క అని పేర్లు పెట్టుకుని, పేరును బట్టి ఫార్ములా తీస్తున్నావు. 1981లో మిషెలిన్ చి, ఆమె సహచరులు ఫిజిక్స్ లెక్కలు రాసిన కార్డులను కొత్త విద్యార్థులకూ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకూ ఇచ్చి, ఒకే రకం అనిపించినవి ఒక గుంపుగా పెట్టమన్నారు. కొత్తవాళ్లు స్ప్రింగులున్నవి ఒకచోట, వాలు తలాలున్నవి ఒకచోట పెట్టారు. అనుభవమున్నవాళ్లు ఇది శక్తి నిత్యత్వంతో తేలేది, ఇది న్యూటన్ రెండో నియమంతో తేలేది అని విడదీశారు. మన కాలేజీల మెటీరియల్ 'మోడల్ 1, మోడల్ 2' అని ఆ మొదటి పద్ధతినే అచ్చు వేసి పిల్లల చేతికి ఇస్తుంది. నీ తప్పులో వాటా దానికీ ఉంది. నాకు ఆ మోడళ్ల మీద ఏనాడూ గౌరవం లేదు.

"బోర్డు మీద అర్థమవుతుంది" అన్న మాటకు కూడా ఇదే కారణం. అమ్మ చుక్కలు పెట్టి ముగ్గు వేస్తుంటే ప్రతి గీతా తెలిసినట్టే ఉంటుంది. ఖాళీ వాకిట్లో పిండి చేతికిచ్చి వెయ్యమంటే మొదటి చుక్క ఎక్కడ పెట్టాలో తోచదు. సార్ బోర్డు మీద మొదటి లైను రాసేటప్పటికే అసలు పని అయిపోయింది. ఏ వస్తువును తీసుకోవాలి, దాన్ని ఏవి తాకుతున్నాయి, త్వరణం ఎటు అన్నవి ఆయన మనసులోనే తేల్చేసుకుని సమీకరణం రాస్తారు. నువ్వు చూస్తున్నది ఆ తర్వాతి ఆల్జీబ్రా. లెక్కల పిల్లవి కాబట్టి అది నీకు ఎలాగూ అర్థమవుతుంది.

కాబట్టి నువ్వు నేర్చుకోవాల్సింది ఆ మొదటి లైనుకు ముందు జరిగేది. ఒక్క వస్తువునే విడిగా గీసి, దాని మీది బలాలను బాణాలుగా చూపడం. ఫ్రీ బాడీ డయాగ్రమ్ అని క్లాసులో చెప్పే ఉంటారు. దాన్ని మార్కుల కోసం గీసే బొమ్మ అనుకోకు. ఈ అధ్యాయానికి సరిపోయే నియమం ఒకటి చెబుతాను: భూమి లాగే బలం ఒక్కటి వదిలేస్తే, మిగతా ప్రతి బలమూ ఏదో ఒకటి తాకడం వల్ల రావాలి. బాణం గీసిన ప్రతిసారీ 'ఇది ఎవరు ఇస్తున్నారు' అని అడుగు. ఇచ్చేది దొరకకపోతే ఆ బాణం కొట్టెయ్. ద్రవ్యరాశి × త్వరణం అన్నది కూడా ఎవరూ ఇచ్చే బలం కాదు, అన్ని బలాలూ కలిసి తేల్చే మొత్తం. దాన్ని బాణంగా గీయకు. మీ క్లాసులో సూడో ఫోర్స్ చెప్పి ఉంటే దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. అది లిఫ్ట్ లోపల కూర్చుని లెక్క చేసేవాళ్ల పద్ధతి. బయట నిలబడి చేసే పద్ధతితో కలిపేస్తే ఒకే బలాన్ని రెండుసార్లు లెక్కపెడతావు.

వాలు తలం దగ్గర సైన్, కాస్ తారుమారు అవుతున్నాయని కూడా రాశావు. బట్టీ పట్టకు. కోణాన్ని సున్నా చేసి చూడు. తలం చదునైపోతుంది, అప్పుడు జారుడు ఉండకూడదు, కాబట్టి జారే వైపు బలంలో సైన్ ఉండాలి. కోణం 90 చేస్తే తలం గోడ అవుతుంది. దిమ్మ గోడను నొక్కదు, కాబట్టి నార్మల్‌లో, అంటే తలం దిమ్మను లంబంగా నెట్టే బలంలో, కాస్. ఇదే తనిఖీని ఏ జవాబుకైనా చెయ్యొచ్చు. కప్పీకి అటూ ఇటూ సమాన బరువులైతే త్వరణం సున్నా రావాలి, ఒకవైపు బరువే లేకపోతే జి రావాలి. అలా రాకపోతే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. అయితే నార్మల్ ఎప్పుడూ ఇంతే అని కూడా గుడ్డిగా నమ్మకు. పెట్టెను తాడుతో ఏటవాలుగా పైకి లాగితే నేల మీద భారం తగ్గుతుంది, నార్మల్ తగ్గుతుంది, దాంతో గరిష్ఠ ఘర్షణా తగ్గుతుంది. బొమ్మ గీసినవాళ్లకు ఇది కనబడుతుంది, ఫార్ములా రాసినవాళ్లకు కనబడదు.

సాధన ఎలా అంటే, కొన్నాళ్లు లెక్కలు 'చేయకు'. స్టడీ అవర్‌లో ఓ నలభై నిమిషాలు తీసుకుని, పుస్తకంలోని లెక్కలకు బొమ్మలు మాత్రమే గీసి, త్వరణం ఎటో గుర్తుపెట్టి, సమీకరణం రాసి ఆపెయ్. జవాబు దాకా పోవద్దు, ఆ ఆల్జీబ్రా నీకు వచ్చిందే. సొల్యూషన్ చూడాల్సి వస్తే చూడు, కానీ చూశాక పుస్తకం మూసి, అరగంట తర్వాత ఖాళీ కాగితం మీద మొదటి నుంచి గియ్యి. ఇంకొకటి, చేసిన లెక్కలోనే ఒక్క సంగతి మార్చి మళ్లీ అడుగు. నున్నటి బల్ల గరుకుదైతే? తాడు తెగితే? నున్నటి నేల మీద 2 కిలోలు, 3 కిలోల దిమ్మలను ఆనించి పెట్టి, 10 న్యూటన్లతో 2 కిలోల వైపు నుంచి తోస్తే రెండింటి మధ్య బలం 6 వస్తుంది. అదే 10తో అటువైపు నుంచి తోస్తే 4. త్వరణం రెండుసార్లూ 2 మాత్రమే, మరి మధ్య బలం ఎందుకు మారింది? ఇది నీకు నువ్వే చెప్పుకోగలిగితే, కథ మార్చినా పెన్ను కదులుతుంది.

ఫార్ములాల నోట్‌బుక్ పారెయ్యకు. పరీక్షల ముందు పనికొస్తుంది. పొద్దున్నే అది తీసే అలవాటు మాత్రం మార్చుకో.

ఇక గ్రూపు సంగతి. మీ బాబాయి మంచి ఉద్దేశంతోనే అని ఉంటాడు గానీ, బైపీసీలోనూ ఫిజిక్స్ ఉందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. అక్కడా ఇదే అధ్యాయం, ఇవే దిమ్మలు, ఇవే తాళ్లు. నీట్‌లో 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్సే. అగ్రికల్చర్, ఫార్మసీ వైపు ఎప్‌సెట్ రాసినా 160లో 40 ఫిజిక్స్. అంటే కష్టంగా ఉన్నది అలాగే ఉండి, నీకు ఇష్టమైన లెక్కలు మాత్రం పోతాయి. జీవశాస్త్రం మీద మనసుంటే వేరే మాట. ఉత్తరంలో దాని ఊసే లేదు.

ఫిజిక్స్ నుంచి నిజంగా బయటపడాలంటే ఎంఈసీ ఉంది. లెక్కలు నీ దగ్గరే ఉంటాయి, ఎకనామిక్స్, కామర్స్ తోడవుతాయి. సీఏ, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ డిగ్రీల వైపు దారి ఉంది, అవి తక్కువ చదువులేమీ కావు. కానీ ఇంజనీరింగ్ తలుపు మూసుకుంటుంది. పైగా అడ్మిషన్ల గడువు దాటాక మారితే ఏడాది పోవచ్చు. కాలేజీ ఆఫీసు మాట ఒక్కటే నమ్మకుండా ఇంటర్ బోర్డు నిబంధన ఏమిటో ముందు కనుక్కోండి. కట్టిన ఫీజులో ఎంత వెనక్కి వస్తుందో కూడా రాతపూర్వకంగా అడగండి.

ఎంపీసీలోనే ఉండి, గురి మార్చుకోవడం మూడో దారి. జేఈఈ మెయిన్‌లో ఫిజిక్స్ మూడో వంతు, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఎప్‌సెట్ ఇంజనీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలకు 80 లెక్కలే, ఫిజిక్స్ 40, తప్పుకు కోత లేదు. నీలాంటి అమ్మాయికి ఇది అనుకూలమైన పరీక్ష. జేఈఈ వదిలేస్తే ఐఐటీ, ఎన్ఐటీ ఆశ వదులుకున్నట్టే, అది నిజం. కానీ ఆ బరువు దిగితే నేర్చుకోవడానికి సమయం దొరుకుతుంది. నేర్చుకున్నాక కావాలంటే మళ్లీ అటు చూడొచ్చు. ఒక ఇబ్బంది ఉంది: మీ కాలేజీలో అన్ని సెక్షన్లకూ ఒకే టెస్టు పెడితే, నువ్వు గురి మార్చుకున్నా ర్యాంకుల బోర్డు మార్చుకోదు.

ఇప్పుడున్నట్టే ఉండి, పైన చెప్పిన పద్ధతిలో పట్టుదలగా చేయడం మరో దారి. దీని ధర ముందే చెబుతాను. మొదట్లో నీ వేగం తగ్గుతుంది. బొమ్మలు గీస్తూ కూర్చుంటే పేపర్ సగంలో ఉండగానే బెల్లు కొడతారు. మార్కులు ఇంకా తగ్గొచ్చు, సెక్షన్ ఇంకోసారి మారొచ్చు. చేయి తిరిగాక బొమ్మకు పది సెకన్లు చాలు, కానీ అప్పటిదాకా పక్కవాళ్ల చూపులు భరించాలి. ఇప్పుడు వదిలేస్తే మాత్రం పని-శక్తి, భ్రమణ చలనం అన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి కాబట్టి అక్కడ మళ్లీ ఎదురవుతుంది.

హాస్టల్ వాతావరణమే నిన్ను కుంగదీస్తోందనిపిస్తే, మీ దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీకి మారి ఇంటి నుంచి వెళ్లే దారి కూడా ఉంది. ఫీజు బాధ తగ్గుతుంది, ఇంటి అన్నం తింటావు. కాంపిటీటివ్ పరీక్షల తయారీ మాత్రం ఎక్కువ భాగం నువ్వే చూసుకోవాలి. నిద్ర, తిండి సంగతి చక్కబడకపోతే మిగతా అన్నింటికన్నా ముందు దీని గురించే ఆలోచించమంటాను.

నా అభిప్రాయం అడిగితే, నీ మూడు తప్పులు చూశాక గ్రూపు మార్చాల్సిన కారణం నాకు కనబడలేదు. మూడూ దిద్దుకోగలిగినవే. ఫిజిక్స్ ఇష్టం లేక మారితే అది సరైన నిర్ణయం కావచ్చు. ఇప్పుడు నువ్వు మారితే మార్కుల బోర్డుకు భయపడి మారినట్టవుతుంది. అందుకే బొమ్మల పద్ధతి కొన్ని వారాలు చేసి, ఎప్పుడూ చూడని లెక్కలు కొన్నింటికి మొదటి లైను నీ అంతట నువ్వు రాయగలుగుతున్నావో లేదో చూసి తేల్చుకో. గ్రూపు మారడానికి ఇంటర్ బోర్డు పెట్టిన గడువు దగ్గర్లో ఉంటే అంత సమయం ఉండదు, కాబట్టి ఆ తేదీ ఈ వారమే తెలుసుకో. నిర్ణయం నీదీ, మీ ఇంట్లో వాళ్లదీ.

నాన్న దగ్గరికి వద్దాం. మార్కుల మెసేజ్ ఆయన చూడలేదనుకుంటున్నావు. నాకు అలా అనిపించడం లేదు. ఫోన్‌లో మార్కుల ఊసు ఎత్తని తండ్రి, చూసి కూడా నువ్వు బాధపడతావని ఆగినవాడు కావచ్చు. చూడకపోయినా, నీ నోటి నుంచి వినడం వేరు. 'ఫెయిలవుతున్నా, నా వల్ల కాదు' అని మొదలుపెట్టకు, దూరంగా ఉన్న మనిషి భయపడిపోతాడు. "నాన్నా, ఫిజిక్స్‌లో వెనకబడ్డాను, సెక్షన్ మార్చారు, ఎక్కడ తప్పుతున్నానో తెలిసింది, దిద్దుకుంటున్నాను, ఇంకొన్ని వారాలు మార్కులు తక్కువే వస్తాయి" అని చెప్పు. నిద్ర సంగతి కూడా అప్పుడే చెప్పు. ఆయన కోప్పడొచ్చు, అప్పు మాట ఎత్తొచ్చు కూడా. దాచిపెట్టి ఏడాది చివర ఒకేసారి బయటపడటం కన్నా అది తేలిక.

మీ సార్ అన్న "బేసిక్స్ లేవు" అన్న మాటను మనసుకు తీసుకోకు. ఏ బేసిక్ లేదో చెప్పని ఆ మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అయితే ఆయన మీద కోపమూ పెట్టుకోకు, క్లాసు నిండా పిల్లలుంటే 'సార్, ఈ చాప్టర్ అర్థం కాలేదు' అన్నదానికి ఎవరైనా ఏం చెబుతారు? ఈసారి నీ తప్పు లెక్కను, నువ్వు గీసిన బొమ్మతో సహా తీసుకెళ్లు. కాగితం ముందు పెట్టి, "సార్, ఈ దిమ్మ మీద ఈ నాలుగు బలాలు గీశాను, ఏది తప్పు?" అని అడుగు. అర నిమిషంలో చెప్పగలిగిన ప్రశ్న అది. ఆయన చెప్పకపోతే పై సెక్షన్‌లో నీ పాత స్నేహితురాలు ఉందని రాశావు కదా, ఆ అమ్మాయిని ఇదే ప్రశ్న ఇలాగే అడుగు.